అరుగు మీది సీసాలు

కార్తీకమాసం వస్తోందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దీపాల మీద కాదు, ఉపవాసాల మీదా కాదు నా కోపం. ఆ ఏడు వన్ టౌన్‌లో మా అత్తవారింటి అరుగు మీద సాయంత్రం దాకా కూర్చున్న సీసాలున్నాయే, వాటిని అలా కూర్చోబెట్టిన పద్ధతి మీద. ఎవరూ లంచం తినలేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు. దొంగ దొరికితే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ఇక్కడ దొంగ లేడు, అందుకే ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

తొంభైల చివర్లో మాట. మా మావయ్యగారు భీమశంకరరావుగారు గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చినవారు. రిటైరయ్యాక ఇంటి వీధి గదిలోనే నీళ్ళ పరీక్షల ల్యాబు పెట్టుకున్నారు. ఓడలకెక్కించే తాగునీళ్ళు, హోటళ్ళ బావినీళ్ళు, బాయిలర్ నీళ్ళు, ఏవైనా ఆయన సంతకం పడితే ఇక తిరుగులేదు. చెడ్డ నీళ్ళని మంచివని రాయమని ఒక హోటలాయన కాళ్ళావేళ్ళా పడితే, కాఫీ ఇచ్చి మరీ గుమ్మం దింపేశారు. అంత నిక్కచ్చి మనిషి.

నాది ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ. పెళ్ళిచూపుల్లో ఆయన నన్ను పాట పాడమనలేదు, అగార్ ప్లేటు ఎలా పోస్తావమ్మా అని అడిగారు. నేను మురిసిపోయాను. ఇంతటి మావగారు ఎవరికి దొరుకుతారు అనుకున్నాను. మా ఆయన శివరామకృష్ణ స్టీల్ ప్లాంటులో షిఫ్టులు చేసుకునేవాడు. ఇంట్లో క్రిములున్నాయా లేవా అన్న గొడవ మా మావాకోడళ్ళదే.

ఆ ఏడు కార్తీకం మొదలవుతూనే తుఫాను కొట్టింది. యారాడ కొండ అవతలా, ఇటు రేవు దగ్గరా ఒడ్డున ఉన్న జాలరి ఇళ్ళు చాలా ఎగిరిపోయాయి. ఒక సహాయ సంస్థ ఇసక మైదానంలో టార్పాలిన్ గుడారాలు వేసి వాళ్ళందరినీ అక్కడ ఉంచింది. ఇసకలో గొయ్యి తవ్వితే మూరెడు లోతులో నీరు ఊరుతుంది. అందుకని మరుగుదొడ్ల కింద డ్రమ్ములు పెట్టారు. నిండిన డ్రమ్ములో సున్నంపాలు పోసి, గెడకర్రతో బాగా కలిపి, లోపలి క్రిములన్నీ చచ్చాక శిబిరం వెనక గోతిలో పారబొయ్యాలి. సున్నం పోశాక ఎంతసేపటికి చస్తాయి? ఈ ప్రశ్న పట్టుకుని సంస్థ ఇంజనీరు కృష్ణంరాజు మా అరుగెక్కాడు.

"జనం ఎక్కువండి, డ్రమ్ములు తక్కువ. గంట ఉంచితే చాలునా, రోజంతా ఉంచాలా, అది మీరు తేల్చాలండి. మీరు ఎంతంటే అంత."

"ఉన్నది ఉన్నట్టు చెప్తాం," అన్నారు మావయ్యగారు. "అంతకు మించి ఒక్క ముక్క చెప్పం."

రోజూ పొద్దున్నే రెండు సీసాలు పంపాలని ఒప్పందం. ఒకటి సున్నం పోసిన గంటకి తీసినది, ఇంకోటి ముందురోజు పోసి రోజంతా ఉంచిన డ్రమ్ములోది. కృష్ణంరాజు సైకిలెక్కాక మావయ్యగారు నావైపు తిరిగారు.

"అమ్మాయ్, కార్తీకం. ఆ సీసాలు పొద్దుటిపూట గుమ్మం దాటి రాకూడదు. అరుగు మీద తడిగుడ్డ చుట్టి ఉంచు. తులసి దగ్గర దీపం పెట్టాక, పగటి ఉపవాసం వదిలి నా నక్తం భోజనం అయ్యాక, అప్పుడు లోపలికి తెచ్చి చూద్దువుగాని."

"ఇవి నీళ్ళ సీసాలు కావు మావయ్యగారూ. సున్నం సీసాలోనే ఉంటుంది. వచ్చిన వెంటనే దాన్ని విరిచే మందు వెయ్యకపోతే అది లోపల పనిచేస్తూనే ఉంటుంది."

"నలభై ఏళ్ళుగా సీసాలు చూస్తున్నాను," అన్నారాయన. కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడేవారు కాదు. కోప్పడితే నేనూ కోప్పడేదాన్ని.

పోనీ దొంగతనంగా చూద్దామా అంటే నేనెక్కడ ఖాళీ? అత్తయ్య కామేశ్వరిగారికి మోకాళ్ళు వాచి కూర్చుంటే లేవలేరు. మావయ్యగారు చీకటితోనే స్నానం చేసి అభిషేకానికి గుడికి వెళ్తారు. ఆయన వచ్చేసరికి మహానైవేద్యం సిద్ధం కావాలి. తడిబట్ట కట్టుకుని మడి వంట నేనే చెయ్యాలి. ఆ సీసా ముట్టుకున్నానంటే మళ్ళీ తలస్నానం, మళ్ళీ తడిబట్ట, మళ్ళీ వంట మొదటినుంచి. అలా ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పప్పు కలియబెడుతూ ఉంటే, అరుగు మీద సీసాలు ఎండలో కాగుతూ ఉండేవి.

సీసాలు తెచ్చేది నూకాలు. శిబిరంలోనే ఉండేది. అందరికంటే నోరున్న మనిషి గనక సంస్థవాళ్ళు ఆమెకే ఆ పని అప్పగించారు. చేపల తట్టలో గడ్డి వేసి, సీసాలు పెట్టి, పైన ఆకు కప్పి తెచ్చేది.

"ఆటోవోడు ఏటున్నాదని అడిగినాడమ్మా. సేపలని సెప్పీసినాను. ఉన్నదేటో సెప్తే ఎక్కనిత్తాడా?" అని నవ్వేది.

ఒకసారి తన చిన్నపిల్లని కూడా తీసుకొచ్చింది. నాలుగేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా గౌను, ముక్కుకి రాగి తీగ. పేరేమిటని అడిగితే తల్లి కొంగులో దూరింది.

"సుధారాణి అమ్మా. నా ఆఖరి గుంట. నాను ఎటెల్తే అటొచ్చెత్తది," అంది నూకాలు.

అత్తయ్య లోపల్నుంచి అరటిపండు తెచ్చి మెట్టు మీద పెట్టి, "తీసుకోవే తల్లీ," అన్నారు. ఆవిడ మంచిదే. చేతికి మాత్రం ఇవ్వలేదు.

సాయంత్రం దీపం పెట్టాక నేను సీసాలు తెరిచేదాన్ని. చిన్న గాజు పళ్ళెంలో గంజిలా పోసి గట్టిపడనిచ్చిన మేత ఉంటుంది. దాన్నే మేం ప్లేటు అంటాం. అందులో సీసాలోది ఓ చుక్క వేసి వెచ్చని పెట్టెలో ఉంచితే, క్రిములు బతికున్న చోటల్లా మర్నాటికి చుక్కలు లేస్తాయి. చచ్చిపోయి ఉంటే ప్లేటు ఖాళీ. మొదటివారం అన్నీ ఖాళీయే. గంట సీసా ఖాళీ, రోజంతా సీసా ఖాళీ. ఖాళీ కాక ఏమవుతుంది? డ్రమ్ములో గంట ఉన్న సున్నం సీసాలో పగలంతా ఉంది కదా. ఇదే మాట మళ్ళీ చెప్పాను. మావయ్యగారు ప్లేట్లు దీపానికెత్తి చూసి, గంట చాలునని రాసి సంతకం పెట్టారు.

"గంటకే పోతన్నాయి గదా మరి! నాను అప్పుడే అన్నాను, సున్నమంటే ఏటనుకున్నారని," అని ఆ కాగితం కొంగున ముడేసుకుని వెళ్ళింది నూకాలు. ఆ రోజునుంచి శిబిరంలో సున్నం పోసిన గంటకల్లా డ్రమ్ములు గోతిలో పారబొయ్యడం మొదలైంది. ఆ గోతికి నాలుగడుగుల దూరంలో చేతిపంపు. గొయ్యి తవ్వకముందు ఒకసారి ఆ పంపు నీళ్ళు చూశాం, బాగానే ఉన్నాయి. తవ్వాక మళ్ళీ చూద్దామంటే, గోతిలోకి పోయేదాంట్లోనే ఏమీ లేనప్పుడు నీళ్ళలోకి ఎక్కణ్ణుంచి వస్తుందన్నారు మావయ్యగారు. లెక్క ప్రకారం ఆయన మాట తప్పు కాదు. లెక్కే తప్పు.

రెండో వారంలో నేను బయట చేరాను. మా ఇంట్లో ఆ మూడు రోజులూ ఆడది వంటింటికీ దేవుడికీ దూరం. వీధి గదిలో చాప వేసుకుని ఉండాలి. ఏ గదిలో? ల్యాబులోనే. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ ఆచారానికి దణ్ణం పెట్టాను. నా అంత అంటు మనిషికి అంటు సీసాలు ముట్టుకుంటే పోయేదేముంది?

మూడు రోజులూ నూకాలు తట్ట దింపగానే సీసాలు లోపలికి తెచ్చి, సున్నం విరిచి, వెంటనే ప్లేట్లు పోశాను. మర్నాడు పెట్టె తెరిస్తే రోజంతా సీసా ప్లేటు ఖాళీ. గంట సీసా ప్లేటు మాత్రం ఆవాలు ఒలకబోసినట్టుంది. వేలు పెట్టడానికి సందు లేదు. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. నాకు ముందు సంతోషం కలిగింది. నేను చెప్పింది నిజమైందని. ఆ వెంటనే గోతి పక్కన పంపు గుర్తొచ్చింది.

మావయ్యగారు గుడినుంచి రాగానే గుమ్మం ఇవతలే నిలబడి ప్లేట్లు చూపించాను. ఆయన అవతల నిలబడి చూశారు. నా చేతికి తగలకుండా కళ్ళద్దాలు సవరించుకున్నారు.

"దీపం పెట్టాక శుచిగా చేసినప్పుడు ఒక్క క్రిమి రాలేదు," అన్నారు మెల్లగా. "నువ్వు దూరంగా ఉన్న మూడు రోజులే వచ్చాయి. అవి సీసాలోవో, చేసిన చేతివో నువ్వే ఆలోచించుకోమ్మా. నేనైతే ఈ మూడు రోజులదీ రిపోర్టులోకి ఎక్కించను."

చెంపమీద కొట్టినా అంత మండేది కాదు.

"చేతివైతే రోజంతా సీసా ప్లేటులో ఎందుకు రాలేదండీ? అదీ నా చెయ్యేగా పోసింది?"

"పౌర్ణమి వెళ్ళనీ. నువ్వు స్నానం చేశాక మళ్ళీ పద్ధతిగా చేద్దాం," అని లోపలికి వెళ్ళిపోయారు.

షిఫ్టు దిగి వచ్చిన మా ఆయనతో చెప్పాను. "నాన్నగారు ఒక మాట అన్నారంటే ఏదో ఉంటుంది ఆశా. ఆయనతో వాదనెందుకు?" అన్నాడు.

"ఏముంటుంది? అంత పెద్ద కొలిమి దగ్గర పనిచేస్తావు, ఇంట్లోకొస్తే నీకు చిన్న సెగ కూడా తగలదేం?" అన్నాను. అతను చెప్పులు విప్పి, బుద్ధిమంతుడిలా కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళాడు.

స్నానం చేసిన రోజునే ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి శిబిరానికి వెళ్ళాను. కృష్ణంరాజు డ్రమ్ముల దగ్గర గొడుగేసుకుని నిలబడ్డాడు. రోజంతా ఉంచకుండా ఒక్క డ్రమ్మూ పారబొయ్యొద్దని, పంపు కట్టెయ్యమని చెప్పాను.

"మేడమ్, మీ మాట కాదంటం లేదండి. రోజంతా ఉంచాలంటే డ్రమ్ములు రెట్టింపు కావాలి. పంపు కట్టేస్తే ట్యాంకర్లు కావాలి. పైవాళ్ళు కాగితం ఏదంటారు. పెద్దాయన సంతకంతో గంటని ఉంది. అదే సంతకంతో రోజని తెండి, సాయంత్రానికి అన్నీ దింపించేస్తాను."

"సంతకం వచ్చేదాకా?"

అతను గొడుగు చెయ్యి మార్చుకుని ఇంకో డ్రమ్ము దగ్గరికి నడిచాడు. నేను నూకాలుని పట్టుకుని పంపు నీళ్ళు కాచుకోకుండా తాగొద్దన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"అదేటమ్మా? మీ కాయితం వొచ్చినాక, మంచియేనర్రా తాగండని నానే అందరికీ సెప్పినాను. ఇప్పుడు కాదంటే నా మాటెవులు ఇంటారు? అయినా కర్రలేవి, అన్నీ తడిసిపోనాయి గదా."

ఇంటికొచ్చి మావయ్యగారిని అడిగాను. పోట్లాడలేదు, బతిమాలాను. నా పరువు పక్కన పెట్టి, నా చేతివల్లే క్రిములు వచ్చాయేమో, మీరే ఒక్కసారి మీ చేత్తో చెయ్యండన్నాను. ఒకే సీసా రెండు వాటాలు చెయ్యండి, ఒక వాటా వచ్చిన వెంటనే, ఇంకో వాటా దీపం పెట్టాక. ఆయన రుద్రాక్షలు తిప్పుతూ విన్నారు. పౌర్ణమి వెళ్ళనీ అన్నారు మళ్ళీ. పౌర్ణమి ఎక్కడో లేదు, ఆ వారంలోనే ఉంది. క్రిములకి తిథులు తెలీవు కదా.

రెండు రోజులు పోయాక సీసాలు నూకాలు తేలేదు. కృష్ణంరాజే తెచ్చాడు. గడ్డం మాసి, చొక్కా నలిగి ఉంది. మావయ్యగారు అప్పుడే గుడినుంచి వచ్చి అరుగు మీద కాళ్ళు కడుక్కుంటున్నారు.

"శిబిరంలో వాంతులు, విరోచనాలు పట్టుకున్నాయండి. ముందు పిల్లలకే. నూకాలు చిన్నదాన్ని రాత్రి పెద్దాసుపత్రిలో చేర్పించాం."

మావయ్యగారి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఆయన చెంబు కింద పెట్టి, తడి పంచెతోనే చెయ్యి చాచి, కృష్ణంరాజు చేతిలోని సీసా తీసుకున్నారు. మిట్టమధ్యాహ్నం, కార్తీక సోమవారం. లోపల్నుంచి అత్తయ్య "ఏవండీ!" అని అరిచారు. ఆయన వినిపించుకోకుండా ల్యాబులోకి నడిచారు.

గంట సీసాలోది రెండు వాటాలు చేశారు. ఒక వాటాలో సున్నం విరిచి వెంటనే ప్లేటు పోశారు. రెండోది అరుగు మీద పెట్టి, దీపం పెట్టాక పోశారు.

మర్నాడు సాయంత్రం రెండు ప్లేట్లూ బల్లమీద పెట్టారు. ఒకటి కిక్కిరిసిపోయి ఉంది. ఒకటి ఖాళీ. రెండూ ఆయన చేత్తో చేసినవే, శుచిగా, స్నానం చేసి. ఆయన నావైపు చూడలేదు. కొత్త రిపోర్టు రాసి, సున్నం పోశాక రోజంతా ఉంచాలనీ, పంపు మూసెయ్యాలనీ, పాత రిపోర్టు తప్పనీ తన చేతిరాతతో పెట్టి సంతకం చేశారు. నిజాయితీపరుడని ముందే చెప్పానుగా.

ఆ కాగితం పట్టుకుని నేనే శిబిరానికి పరిగెత్తాను. కృష్ణంరాజు చదవకుండానే జేబులో పెట్టుకుని మనుషుల్ని కేకేశాడు. పంపు పిడి విప్పేశారు. నేను నూకాలు గుడారం దగ్గరికి వెళ్ళాను. బయట ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు, అప్పటికే ఏడ్చేసి ఉన్నారు. పిల్లని మధ్యాహ్నమే ఇసకలో పెట్టి వచ్చారట.

నూకాలు నన్ను చూసి లేచింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"నీళ్ళు మంచియని మీరే సెప్పినారు గదమ్మా," అంది. "నాను నమ్మీసి, దాహం దాహమంటే గ్లాసుతో ముంచి ముంచి నానే పోసినాను."

నాకు కూర్చోమని చాప జరిపింది.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతోంది. పెరట్లో గోలెం దగ్గర మావయ్యగారు స్నానం చేస్తున్నారు. అత్తయ్య వాచిన మోకాళ్ళతో వంగి చెంబులు చెంబులు నీళ్ళు పోస్తున్నారు. ఆయన ఏదో మంత్రం చదువుకుంటున్నారు. పిల్ల కబురు అప్పటికే తెలిసిపోయిందేమో, అందుకే తలమీద నీళ్ళు పోసుకుంటున్నారేమో అనుకున్నాను. ఒక్క క్షణం నా గుండె కరిగింది కూడా.

"నిన్నట్నుంచీ ఆ సీసాలూ అవీ ముట్టుకున్నారుగా," అన్నారు అత్తయ్య నన్ను చూసి. "పనయ్యేదాకా ఆగి, ఇప్పుడు ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నారు."

"సుధారాణి పోయింది," అన్నాను.

మంత్రం ఆగింది. అత్తయ్య చెంబు గోలెం మీద పెట్టి, "అయ్యో, అరటిపండు తీసుకున్న పిల్లే!" అన్నారు. కళ్ళు ఒత్తుకున్నారు. నిజంగానే ఒత్తుకున్నారు. తరవాత అలవాటుగా, ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండా, "పోన్లే, మనకి మైల లేదు. నువ్వు అక్కడికి వెళ్ళొచ్చావు గనక స్నానం చేసి వంటింట్లోకి రా. మావయ్యగారి నక్తానికి వేళవుతోంది," అన్నారు.

నేను గోలెం దగ్గరికి వెళ్ళి, ఆవిడ పెట్టిన చెంబు తీసుకుని, కట్టుబట్టలతో తలమీద పోసుకున్నాను. ఇంట్లోవాళ్ళు పోయిన కబురు వింటే ఎలా పోసుకుంటామో అలాగే. నీళ్ళు చల్లగా ఉన్నాయి, ఒళ్ళంతా మంటగా ఉంది.

"అదేమిటే ఆశా?" అన్నారు అత్తయ్య.

"నాకు మైల అత్తయ్యా. పదిరోజులు. వంటింట్లోకి రాను."

"చోద్యం! ఆ పిల్ల నీకేమవుతుందే?"

"మన రిపోర్టు నమ్మి చచ్చిపోయింది. అంతకంటే దగ్గర చుట్టరికం ఏం కావాలి?"

అప్పుడే డ్యూటీనుంచి వచ్చిన మా ఆయన పెరటి గుమ్మంలో టిఫిన్ క్యారియర్‌తో నిలబడిపోయాడు. అత్తయ్య కొడుకువైపు, మావయ్యగారివైపు మార్చి మార్చి చూశారు, ఎవరో ఒకరు నన్ను మందలిస్తారని. శివరామకృష్ణ క్యారియర్ కింద పెట్టి, చొక్కా చేతులు మడుచుకుంటూ వంటింటివైపు వెళ్ళాడు. పప్పెక్కడుందో కూడా తెలీదు పాపం. మావయ్యగారు నీళ్ళోడుతూ అలాగే నిలబడ్డారు. ఆయన శాస్త్రంలో నా మాటకి జవాబు ఉండే ఉంటుంది. చెప్పలేదు.

నేను వీధి గదిలో చాప వేసుకున్నాను. మర్నాడు పొద్దున్న నూకాలుకి బదులు తాయారని ఇంకో మనిషి తట్ట తెచ్చింది. సీసాలు వచ్చిన వేళకే గుమ్మం దాటి లోపలికి వచ్చాయి. పదిరోజులూ అలాగే వచ్చాయి. పదకొండో రోజున అత్తయ్య కొత్త చీర, తలంటుకి నూనె తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, "శుద్ధి అయిపోయిందిగా, ఇక లోపలికి రావే," అన్నారు.

నేను ప్లేట్లు పోస్తూ, తల ఎత్తకుండా, రానన్నాను.